సీల్ వేట, బొచ్చు జంతువులపై ప్రభుత్వ పర్యవేక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మార్చి, ఏప్రిల్ నెలలు రాగానే మంచు మీద నెత్తుటి చారల ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. వాటిలో కొన్ని నలభై ఏళ్ళ నాటివి, కొన్ని నిజంగానే ఆ సంవత్సరానివి. ఆ వేటకు అనుమతి ఇచ్చేదెవరు, ఎన్ని జంతువులను చంపవచ్చో నిర్ణయించేదెవరు, ఆ లెక్క తప్పితే నిలదీసేదెవరు అన్న సంగతులు తెలుగులో ఒకచోట దొరకవు. అందుకే తరచుగా ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ కూర్చాను. ప్రధానంగా కెనడా అట్లాంటిక్ తీరం గురించి, అలాస్కాకు చెందిన ప్రిబిలోఫ్ దీవుల గురించి రాశాను. ప్రభుత్వం వేటను అదుపు చేసిన తీరు, అందులో దాని మంచీ చెడూ ఈ రెండు చోట్లా సుదీర్ఘంగా నమోదై ఉన్నాయి.

సీల్ అంటే ఏ జంతువు? నీటికుక్క, సీల్ ఒకటేనా?

ఒకటి కాదు. మన గోదావరి, కృష్ణా నదుల్లో కనిపించే నీటికుక్క వేరే కుటుంబానికి చెందిన జంతువు. సీల్స్ మన సముద్రాల్లో బతకవు కనుక వాటికి తెలుగులో వాడుక పేరు పుట్టలేదు.

చట్టాల విషయంలో రెండు తెగల సీల్స్‌ను గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటి తెగకు బయటికి కనిపించే చెవులుండవు. హార్ప్ సీల్, హుడెడ్ సీల్, గ్రే సీల్, రింగ్‌డ్ సీల్ ఈ తెగవే. కెనడా వేట ముఖ్యంగా హార్ప్ సీల్ మీద సాగుతుంది. రెండో తెగకు చిన్న చెవులుంటాయి. వీటిలో ఫర్ సీల్స్‌కు పైవెంట్రుకల కింద ఎంతో దట్టమైన మెత్తటి బొచ్చు ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ వేలంపాటల్లో అమ్ముడైన ఖరీదైన సీల్ తోలు ఈ ఫర్ సీల్స్‌దే.

సముద్రంలో తిరిగే జంతువు మీద ఒక ప్రభుత్వానికి హక్కు ఎలా వస్తుంది?

ఈ ప్రశ్న మీద దేశాలు పాతికేళ్ళు కొట్లాడుకున్నాయి. రష్యన్ నావికుడు గావ్రిల్ ప్రిబిలోఫ్ 1786లో బేరింగ్ సముద్రంలోని ఆ దీవులకు చేరినప్పుడు వాటి ఒడ్డు పొడవునా లక్షలాది ఫర్ సీల్స్ ఉండేవి. 1867లో అమెరికా రష్యా నుంచి అలాస్కాను కొన్నప్పుడు దీవులతో పాటు ఆ సీల్ మందలు కూడా అమెరికా చేతికి వచ్చాయి. 1870 నుంచి ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీకి ఇరవై ఏళ్ళ గుత్త ఇచ్చింది. ఒడ్డు మీద మగ సీల్స్‌ను మాత్రమే, అదీ ఏడాదికి ఇన్ని అన్న పరిమితితో చంపాలన్నది షరతు. ఫర్ సీల్స్‌లో ఒక్కో పెద్ద మగది అనేక ఆడవాటితో జతకడుతుంది కనుక, జత దొరకని పడుచు మగవాటిని కొంతమేరకు తీసేసినా మందకు నష్టం ఉండదని లెక్క వేశారు. వాటిని అక్కడి ఉద్యోగులు ‘బ్రహ్మచారులు’ అనేవారు.

అయితే సీల్ ఒడ్డున ఉండేది వేసవిలోనే, అప్పుడు కూడా తల్లి సీల్ పిల్లను ఒడ్డున వదిలి ఆహారం కోసం ఎంతో దూరం సముద్రంలోకి వెళ్తుంది. ఓడల మీద వచ్చిన వేటగాళ్ళు అక్కడ కాపు కాసేవారు. నీళ్ళలో తుపాకీ దెబ్బ తిన్న సీల్ చాలాసార్లు చేతికందకుండా మునిగిపోతుంది. దొరికిన వాటిలో ఎక్కువ ఆడవే. తల్లి తిరిగిరాని పిల్ల ఒడ్డున ఆకలితో చచ్చిపోతుంది. ఒక తోలు బజారుకు చేరేలోపు రెండు మూడు ప్రాణాలు పోయేవి. 1886లో అమెరికా ఈ ఓడలను పట్టుకోవడం మొదలుపెట్టింది. అవి ఎక్కువగా కెనడావి కావడంతో బ్రిటన్ అభ్యంతరం చెప్పింది. 1893లో పారిస్‌లో కూర్చున్న మధ్యవర్తుల సభ, బహిరంగ సముద్రంలో ఈదే సీల్ మీద అమెరికాకు యాజమాన్య హక్కు లేదని తేల్చింది. దీవుల చుట్టూ 60 మైళ్ళ పరిధిలో వేట నిషేధించాలని సూచించింది గానీ ఆ పరిధి చాలలేదు. పైగా జపాన్ ఓడలకు ఆ తీర్పు వర్తించనే లేదు. పట్టుకున్న ఓడలకు పరిహారంగా అమెరికా 1898లో బ్రిటన్‌కు 4,73,151 డాలర్లు చెల్లించింది.

మరి ఆ కొట్లాట ఎలా ఆగింది?

1911 జూలై 7న అమెరికా, బ్రిటన్, జపాన్, రష్యా ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. బ్రిటన్ కెనడా తరఫున చేసింది. అడవి జంతువుల రక్షణ కోసం అనేక దేశాలు కలిసి చేసుకున్న తొలి ముఖ్యమైన ఒప్పందాల్లో ఇదొకటి. ఉత్తర పసిఫిక్‌లో సముద్రం మీద సీల్ వేటను పూర్తిగా ఆపేశారు. అందుకు బదులుగా ప్రిబిలోఫ్ ఒడ్డున అమెరికా తీసే తోళ్ళలో కెనడాకు 15 శాతం, జపాన్‌కు 15 శాతం వాటా ఇచ్చారు. వేట మానుకున్నవాడికి నష్టం రాకుండా చూడటం వల్లే ఈ నియమం నిలబడిందని నా అభిప్రాయం. అంతకుముందు పాతికేళ్ళలో హెచ్చరికలు, అరెస్టులు, తీర్పులు సాధించలేనిది ఆ 15 శాతం సాధించింది. తీరవాసులైన ఆదివాసులు తమ పడవల్లో, తుపాకీ లేకుండా, పాత పద్ధతిలో వేటాడుకునే వీలును కూడా ఒప్పందం మిగిల్చింది. అప్పటికి రెండు లక్షల పైచిలుకుకు పడిపోయిన మంద నాలుగు దశాబ్దాలు తిరిగేసరికి పదిహేను లక్షలు దాటింది.

అంటే ప్రభుత్వ నిర్వహణ విజయవంతమైనట్టేనా?

1950ల దాకా చూసి ఆపితే అవుననే అనాలి. ఆ తర్వాత జరిగింది వేరు. మంద మరీ పెరిగిపోయిందని, ఆడ సీల్స్ సంఖ్యను కొంత తగ్గిస్తే మిగిలిన పిల్లలు బాగా బతికి తోళ్ళ దిగుబడి ఇంకా పెరుగుతుందని ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఊహించారు. 1956 నుంచి 1968 వరకు దాదాపు మూడు లక్షల ఆడ సీల్స్‌ను చంపించారు. ఊహించిన పెరుగుదల రాలేదు, మంద క్షీణించింది. ఇందులో దొంగవేట గానీ లంచం గానీ లేవు. లైసెన్సు, లెక్క, నివేదిక అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ప్రభుత్వం తన ఊహను నిజమని నమ్మి, దాన్ని పరీక్షించడానికి మందనే పణంగా పెట్టింది. పర్యవేక్షణ ఉంది కాబట్టి పరవాలేదు అనుకునేవారు ఈ పన్నెండేళ్ళ కథ తప్పక తెలుసుకోవాలి.

ప్రిబిలోఫ్‌లోని సెయింట్ జార్జ్ దీవిలో వాణిజ్య వేట 1973లోనూ, సెయింట్ పాల్ దీవిలో 1984లోనూ ఆగిపోయింది. మంద 1950ల నాటి స్థాయిలో సగానికన్నా తక్కువకు పడిపోయిందని 1988లో అమెరికా ప్రభుత్వమే అధికారికంగా ప్రకటించింది.

ఆ దీవుల్లో మనుషులు ఉండేవారా?

ఉండేవారు, నేటికీ ఉన్నారు. వారు ఉనాంగన్ ప్రజలు. బయటివాళ్ళు అల్యూట్లు అంటారు. సీల్స్‌ను చంపి తోలు ఒలిచే పని కోసం రష్యన్లు వారి పూర్వికులను ఇతర దీవుల నుంచి తెచ్చి ఇక్కడ ఉంచారు. అమెరికా చేతికి వచ్చాక కూడా వారి బతుకులో సర్కారు పెత్తనం తగ్గలేదు. ఇల్లు, సరుకులు, పని, ఊరు దాటి వెళ్ళే అనుమతి అన్నీ సీల్ వ్యవహారాలు చూసే అధికారుల చేతుల్లోనే ఉండేవి. 1942లో జపాన్ అల్యూషన్ దీవులపై దాడి చేసినప్పుడు వీరిని ఓడల్లో ఆగ్నేయ అలాస్కాలోని ఫంటర్ బేకు తరలించి, పాడుబడిన చేపల కార్ఖానాలోనూ గని శిబిరంలోనూ ఉంచారు. అక్కడ జబ్బులతో చాలామంది చనిపోయారు. కుటుంబాలు ఆ శిబిరాల్లో ఉండగానే 1943 వేసవిలో మగవాళ్ళను సీల్ వేట కోసం వెనక్కి తీసుకెళ్ళారు. యుద్ధకాలంలో నిర్బంధానికి గురైన జపనీస్ అమెరికన్లకు పరిహారం ఇచ్చిన 1988 నాటి చట్టంలోనే అల్యూట్లకూ క్షమాపణ, పరిహారం దక్కాయి. సీల్ తలలను ఒక్కొక్కటిగా లెక్కించిన ప్రభుత్వం ఆ సీల్స్‌తో పని చేయించుకున్న మనుషులను ఎలా చూసిందో చెప్పకుండా ఈ చరిత్ర రాయడం నాకు న్యాయం అనిపించదు.

కెనడాలో సీల్ వేట ఏ శాఖ కింద ఉంటుంది?

కేంద్ర ప్రభుత్వపు మత్స్య, మహాసముద్రాల శాఖ కింద. కెనడా మత్స్య చట్టంలో చేప అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోకి సముద్ర జంతువులన్నీ వస్తాయి కనుక చట్టం దృష్టిలో సీల్ కూడా చేపే. దీని పర్యవసానం చిన్నది కాదు. కోటా నిర్ణయించడం, లైసెన్సు ఇవ్వడం, వేటగాడిని తనిఖీ చేయడం, సీల్ ఉత్పత్తులకు విదేశాల్లో మార్కెట్ వెతకడానికి తోడ్పడటం, ఇవన్నీ ఒకే శాఖ చేతిలో పడ్డాయి. పండించేవాడూ తూకం వేసేవాడూ ఒక్కడే అయినప్పుడు తూకం మీద అనుమానం రావడం సహజం. ఆ అనుమానం ఎప్పుడూ నిజమని నేను అనను. దాన్ని తీర్చే బాధ్యత మాత్రం శాఖదే.

వివరమైన నియమాలు 1993 నాటి సముద్ర క్షీరదాల నిబంధనల్లో ఉన్నాయి. వేట రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్‌లకు ఈశాన్యంగా ఉన్న మంచు ప్రాంతం; దాన్ని వాళ్ళు ‘ఫ్రంట్’ అంటారు. రెండోది సెయింట్ లారెన్స్ సింధుశాఖ. వాణిజ్య లైసెన్సు కాక, ఆయా తీరాల్లో నివసించేవారికి ఇంటి అవసరాల కోసం ఆరు సీల్స్ వరకు తీసుకునే వ్యక్తిగత లైసెన్సు కూడా ఉంది.

ఎన్ని సీల్స్‌ను చంపవచ్చో ఎలా నిర్ణయిస్తారు?

మొత్తం సీల్స్‌ను ఎవరూ లెక్కించలేరు. మార్చిలో అవి మంచు మీద పిల్లలను కనే సమయంలో విమానాల నుంచి ఫొటోలు తీసి, పిల్లల సంఖ్యను అంచనా వేసి, దాని నుంచి మొత్తం జనాభాను గణిస్తారు. ఈ సర్వే ఏటా జరగదు, నాలుగైదేళ్ళకోసారి జరుగుతుంది.

కెనడాలో హార్ప్ సీల్‌కు తొలిసారి కోటా పెట్టింది 1971లో, 2,45,000 చొప్పున. అప్పటికి జనాభా ఇరవై లక్షల లోపుకు పడిపోయింది. తర్వాత కోలుకుని, 2019లో ప్రకటించిన అంచనాలో 76 లక్షలకు చేరింది. తర్వాతి సర్వేతో ఆ అంచనాను బాగా తగ్గించాల్సి వచ్చింది. 2003 నుంచి శాఖ ఒక గీత గీసుకుంది. ఇదివరకు నమోదైన గరిష్ఠ జనాభాలో 70 శాతానికి దిగితే జాగ్రత్త పడాలి, 30 శాతానికి దిగితే వేట ఆపాలి. కాగితం మీద ఇది మంచి పద్ధతే. కానీ రెండు సర్వేల మధ్య మంచు పలచబడి పిల్లలు నీళ్ళలో పడి చనిపోయిన సంవత్సరాలు వస్తే, గీత దాటిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

2011లో కోటాను ఏడాదికి 4 లక్షలుగా పెట్టారు. అయితే అసలు వేట అందులో చిన్న భాగమే. 2004లో 3 లక్షల 65 వేలకు పైగా సీల్స్‌ను చంపారు; 2009కి ఆ సంఖ్య 80 వేల లోపుకు పడింది. ఇంత తగ్గడానికి కారణం కోటా కాదు, కొనేవాళ్ళు లేకపోవడం. 2006లో మేలురకం తోలు 100 కెనడా డాలర్లు దాటి పలికింది, 2009కి 15 డాలర్ల దగ్గరకు వచ్చింది.

తెల్లటి పిల్లలను ఇప్పటికీ చంపుతున్నారా?

కెనడా వాణిజ్య వేటలో 1987 నుంచి నిషేధం ఉంది. హార్ప్ సీల్ పిల్ల ఒంటి మీద తెల్ల బొచ్చు రెండు వారాల పాటే ఉంటుంది; ఆ దశలో ఉన్నదాన్ని అమ్మడం, కొనడం, మార్పిడి చేసుకోవడం నేరం. హుడెడ్ సీల్ నీలివన్నె పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. కనుక తెల్లపిల్ల, పక్కన దుడ్డుకర్ర పట్టుకున్న మనిషి ఉన్న ఫొటో కెనడాదైతే పాతదై ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తెల్ల బొచ్చు రాలి బూడిదరంగు తోలు వచ్చిన కొద్ది వారాల పిల్లే నేటి వాణిజ్య వేటలో ప్రధాన లక్ష్యం. చట్టం మార్చింది వయసును రెండు మూడు వారాలు మాత్రమే. ఇది తెలుసుకున్నాక ఎవరి అభిప్రాయం వారిది.

చంపే పద్ధతి గురించి చట్టం ఏమంటుంది?

చాలా వివరంగా చెబుతుంది. చదవడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. తుపాకీ వాడితే గుండు వేగం సెకనుకు 1,800 అడుగులకు, శక్తి 1,100 అడుగు పౌండ్లకు తగ్గకూడదు. హకాపిక్ అనే నార్వే పనిముట్టు వాడితే దాని కర్ర పొడవు 105 నుంచి 153 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. దాని తలకు ఒకవైపు సుత్తి, మరోవైపు కొద్దిగా వంగిన మేకు ఉంటాయి. ఆ ఇనుము బరువు కనీసం 340 గ్రాములు.

2009లో చేర్చిన సవరణలతో మూడు మెట్ల పద్ధతి తప్పనిసరి అయింది. మొదట తల మీద కొట్టడం లేదా కాల్చడం. వెంటనే చేతితో పుర్రె రెండు వైపులా తడిమి, అది పూర్తిగా చితికిందని రూఢి చేసుకోవడం. తర్వాత ముందు రెక్కల కింది రక్తనాళాలను కోసి, కనీసం ఒక నిమిషం రక్తం కారనిచ్చి అప్పుడు మాత్రమే తోలు ఒలవడం. ఏడాది దాటిన సీల్‌ను ముందుగా కాల్చకుండా కర్రతో కొట్టకూడదు. స్పృహ ఉన్న జంతువు తోలు ఎవరూ ఒలవకూడదన్నదే ఈ నియమాలన్నింటి ఉద్దేశం.

ఈ నియమాలు మంచు మీద నిజంగా అమలవుతాయా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వేట జరిగేది కదిలే మంచు పలకల మీద, వందల చదరపు కిలోమీటర్ల పరిధిలో, చిన్న చిన్న పడవల్లో వచ్చిన మనుషులతో, కొద్ది రోజుల్లో. మత్స్య అధికారులు హెలికాప్టర్లలో తిరుగుతారు, తీర రక్షక ఓడలుంటాయి, రేవుకు చేరిన తోళ్ళను లెక్కిస్తారు. ఎన్ని తోళ్ళు వచ్చాయో రేవులో నిలబడి చెప్పవచ్చు. పుర్రె తడిమారా లేదా, ఒక నిమిషం ఆగారా లేదా అన్నది చెప్పాలంటే ఆ క్షణాన ఆ మంచు పలక దగ్గరే ఎవరో ఒకరు ఉండాలి.

2001లో రెండు పశువైద్య బృందాలు వేటను విడివిడిగా పరిశీలించాయి. తాము చూసిన వేటలో 98 శాతం ఆమోదయోగ్యంగా జరిగిందని ఒక బృందం రాసింది. తాము పరిశీలించిన తలల్లో 42 శాతంలో స్పృహ పోయిందని హామీ ఇవ్వగలిగినంత గాయం కూడా కనిపించలేదని రెండో బృందం రాసింది. ఒకే వేటాకాలంలో ఇంత తేడా ఎందుకు వచ్చింది? మొదటి బృందం చూసిన దానిలో వేటగాళ్ళు తమను గమనిస్తున్నారని తెలిసి చేసిన పని కూడా ఉంది. రెండో బృందం వదిలేసిన కళేబరాలను కూడా పరీక్షించింది. చూసే కన్ను ఎక్కడ నిలబడిందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయిందని నాకు అర్థమైంది. 2007లో యూరప్ ఆహార భద్రతా సంస్థ నిపుణులు, సీల్‌ను అనవసరమైన బాధ లేకుండా చంపడం సాధ్యమే గానీ ఆచరణలో అన్నిసార్లూ అలా జరగడం లేదని తేల్చారు.

ఇక బయటి వ్యక్తులు చూడాలంటే పరిశీలన లైసెన్సు కావాలి. అది లేనివాళ్ళు వేటగాడికి అర నాటికల్ మైలు లోపు వెళ్ళకూడదని మొదట నియమం ఉండేది. 2015లో దాన్ని ఒక మైలుకు పెంచారు. ఆ దూరం నుంచి బైనాక్యులర్స్‌తో కూడా పుర్రె తడిమే చేయి కనిపించదు. ఘర్షణలు జరగకుండా ఈ నియమం పెట్టామని ప్రభుత్వం అంటుంది, ఆ భయం నిరాధారం కాదు. అయినా నా మటుకు నాకు ఇది తిరోగమనంగానే తోస్తుంది. నమ్మకం కావాలనుకునే వ్యవస్థ సాక్షులను దగ్గరికి రానివ్వాలి.

ఇతర దేశాలు ఇంతకన్నా మెరుగ్గా చేస్తున్నాయా?

ఒక్క విషయంలో నార్వే మెరుగు. అక్కడ వేటకు వెళ్ళే ప్రతి ఓడలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఉండాలి, వేటగాడు ఏటా గురి పరీక్ష పాస్ కావాలి. ఓడలు కొన్నే కనుక వారికిది సాధ్యమైంది.

నమీబియాలో కేప్ ఫర్ సీల్ వేట జూలై 1 నుంచి నవంబర్ 15 వరకు సాగుతుంది. ఇప్పటికీ ఫర్ సీల్స్‌ను పెద్దఎత్తున వాణిజ్యం కోసం చంపే చోటు అదే. పక్కనే ఉన్న దక్షిణాఫ్రికా 1990లో ఈ వేటను ఆపేసింది.

అంటార్కిటికా సంగతి?

1972లో లండన్‌లో సంతకాలైన ఒప్పందం ఫర్ సీల్, ఎలిఫెంట్ సీల్, రాస్ సీల్ వేటను నిషేధించి, క్రాబ్ ఈటర్‌కు ఏడాదికి 1,75,000, లెపర్డ్ సీల్‌కు 12,000, వెడెల్ సీల్‌కు 5,000 పరిమితి పెట్టింది. ఈ చివరి మూడు రకాల సీల్స్ విషయంలో వాణిజ్య వేట పెద్దఎత్తున మొదలుకాక ముందే నియమం వచ్చింది, అది అరుదైన సందర్భం. ఆ తర్వాత కూడా ఆ వేట పెద్దఎత్తున మొదలవలేదు.

యూరప్ నిషేధం దేని గురించి? అది చట్టబద్ధమేనా?

1983లో యూరోపియన్ సముదాయం తెల్లపిల్లల, నీలిపిల్లల తోళ్ళ దిగుమతిని ఆపింది. 2009లో చేసిన చట్టం, కొద్ది మినహాయింపులతో, సీల్ ఉత్పత్తులన్నింటినీ మార్కెట్ నుంచి తొలగించింది. 2010 ఆగస్టు నుంచి అమలైంది. కారణంగా సీల్ అంతరించిపోతోందని చూపలేదు. తమ పౌరుల నైతిక మనోభావాలను చూపింది. కెనడా, నార్వే ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 2014 మే 22న అప్పీళ్ళ సంఘం ఇచ్చిన తీర్పులో రెండు పక్షాలకూ కొంత కొంత దక్కింది. జంతువు బాధ ప్రజల నైతికతకు సంబంధించిన విషయమే, ఆ పేరుతో ఒక వస్తువును బజారు నుంచి తొలగించవచ్చు అని ఒప్పుకుంది. అయితే ఆదివాసులు వేటాడిన సీల్స్‌కు ఇచ్చిన మినహాయింపు గ్రీన్‌లాండ్‌కు అందినంత సులువుగా కెనడా ఉత్తర ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్‌లకు అందడం లేదని తప్పుపట్టింది. ఆ లోపం సరిదిద్దడానికి 2015లో చట్టాన్ని సవరించారు.

అమెరికా ఇంకా ముందే, 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టంతో తలుపులు మూసింది. రష్యా 2011లో హార్ప్ సీల్ తోళ్ళ దిగుమతి ఆపింది.

ఇన్యూట్ ప్రజలకు మినహాయింపు ఉంది కదా, మరి వారి కోపం దేనికి?

ఎందుకంటే మినహాయింపు చట్టంలో ఉంది, బజారులో లేదు. ఇన్యూట్‌లు వేటాడేది ముఖ్యంగా పెద్ద రింగ్‌డ్ సీల్‌ను. మాంసం ఇంటిల్లిపాదీ, ఊరంతా పంచుకుని తింటారు. తోలు అమ్మగా వచ్చిన డబ్బుతో తూటాలు, స్నోమొబైల్ ఇంధనం కొని మళ్ళీ వేటకు వెళ్తారు. 1983 నిషేధం తెల్లపిల్లల గురించే అయినా, కొనుగోలుదారులు సీల్ అన్న మాటకే దూరం జరిగారు. రింగ్‌డ్ సీల్ తోలు ధర కుప్పకూలింది. కూరగాయలు పండని, సరుకులు విమానాల్లో వచ్చే ఊళ్ళలో వేటకు వెళ్ళే స్తోమత పోవడమంటే మంచి తిండి పోవడమే. 2009 చట్టం మీద ఇన్యూట్ సంస్థలు యూరప్ కోర్టులకెక్కి ఓడిపోయాయి. 2015లో ఇన్యూట్‌లు ఎక్కువగా ఉండే కెనడా టెరిటరీ నునావుట్ ప్రభుత్వం, ఈ తోలు ఆదివాసుల వేటదేనని ధ్రువీకరణ ఇచ్చే అధికారం పొందింది గానీ, ముప్పై ఏళ్ళుగా చెదిరిన బేరాన్ని ఒక ధ్రువపత్రం తిరిగి తేలేదు. సీల్స్ మీద జాలితో సంతకాలు చేసిన లక్షలాది మంది మంచివాళ్ళే. ఆ సంతకం ఎవరి పొయ్యి మీద పడుతుందో వారికి చెప్పినవాళ్ళు తక్కువ.

సీల్స్ కాడ్ చేపలను తినేస్తున్నాయి కనుక వేట అవసరమన్న వాదనలో నిజమెంత?

న్యూఫౌండ్‌లాండ్ కాడ్ వేటను ప్రభుత్వం 1992 జూలై 2న ఆపేసింది. 30 వేల మందికి పైగా ఉపాధి పోయింది. కాడ్ కుప్పకూలడానికి ప్రధాన కారణం మనుషులు అతిగా పట్టడమే. హార్ప్ సీల్ వల్లే ఆ కాడ్ కోలుకోలేదన్న వాదనకు ప్రభుత్వ శాస్త్రవేత్తల పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. కాపెలిన్ అనే చిన్న చేప లభ్యత, మనుషుల వేట ఎక్కువ ప్రభావం చూపాయని వారు రాశారు. దక్షిణ సెయింట్ లారెన్స్‌లో పరిస్థితి వేరు. అక్కడ బాగా పెరిగిన గ్రే సీల్స్ కాడ్ కోలుకోకుండా అడ్డుపడుతున్నాయనడానికి బలమైన ఆధారాలున్నాయి. ఏ సీల్, ఏ తీరం అని అడగకుండా జవాబు చెప్పేవారిని నమ్మవద్దు.

నేల మీది బొచ్చు జంతువుల మీద పర్యవేక్షణ ఎవరిది?

కెనడాలో బీవర్, మార్టెన్, లింక్స్ వంటివి రాష్ట్రాల, టెరిటరీల పరిధిలోకి వస్తాయి. అక్కడ కీలకమైన ఏర్పాటు నమోదు చేసిన ఉచ్చుల దారి. అడవిలో ఒక భాగాన్ని ఒక వ్యక్తికి లేదా కుటుంబానికి కేటాయిస్తారు, అక్కడ వేరొకరు ఉచ్చు పెట్టకూడదు. రేపు కూడా తనదే అన్న నమ్మకం ఉన్నవాడు ఈరోజే అన్నింటినీ పట్టేయడు. 1930లలో జేమ్స్ బే తీరాన బీవర్ దాదాపు కనుమరుగైనప్పుడు ఏర్పాటు చేసిన సంరక్షణ ప్రాంతాల్లో, అక్కడి ఆదివాసులైన క్రీ ప్రజల కుటుంబ వేటభూముల పద్ధతిని ఆధారం చేసుకునే బీవర్‌ను తిరిగి పెంచారు.

చంపే పద్ధతి విషయంలో 1991లో యూరప్ కాలు పట్టే ఉక్కు ఉచ్చులను నిషేధించి, వాటిని వాడే దేశాల బొచ్చును కూడా ఆపుతానంది. ఆ ఒత్తిడితోనే 1997లో యూరప్, కెనడా, రష్యాల మధ్య ఉచ్చుల ప్రమాణాల ఒప్పందం కుదిరింది. ఇన్ని సెకన్లలో జంతువు స్పృహ కోల్పోవాలని పరీక్షించి ధ్రువీకరించిన ఉచ్చులనే వాడాలి. అడవిలో ఒంటరిగా బిగించిన ఉచ్చు దగ్గర మాత్రం మంచు పలక మీద కన్నా తక్కువ సాక్షులుంటారు.

మన దేశంలో చట్టం ఏమంటుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నీటికుక్క వేట, దాని తోలు వ్యాపారం నేరం. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో బతికే నీటికుక్కలకూ బావురు పిల్లులకూ ఈ చట్టమే అండ. 2019లో మన నీటికుక్కలను అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైన జాబితాలోకి చేర్చారు. 2017 జనవరిలో మింక్, నక్క, చించిల్లా బొచ్చు దిగుమతిని కేంద్రం నిషేధించింది.

కెనడాలో ఉంటున్న తెలుగువారు సీల్ తోలు టోపీ, సీల్ నూనె మాత్రలు కొనవచ్చా?

కెనడాలో కొనడం, వాడటం చట్టబద్ధమే. చిక్కు సరిహద్దు దగ్గర వస్తుంది. అమెరికాలోకి సొంత వాడకానికి కూడా తీసుకెళ్ళకూడదు; అక్కడ విమానం మారి ఇండియాకు వచ్చేవారికీ ఇది ఇబ్బందే. కొన్న చోట చట్టబద్ధం కదా అన్న వాదన అక్కడ చెల్లదు. యూరప్‌లోకి ప్రయాణికులు సొంత వాడకానికి ఎప్పుడైనా ఒకటి తెచ్చుకోవచ్చు, అమ్మకానికి కాదు. భారత్‌కు తేవాలనుకుంటే ముందుగా కస్టమ్స్ వారిని రాతపూర్వకంగా అడగడం మేలు.

వేట ఇంత తగ్గాక ఇంకా పర్యవేక్షణ దేనికి?

వేట ఆగినంత మాత్రాన జంతువు కోలుకుంటుందన్న హామీ లేదు. ప్రిబిలోఫ్‌లో వాణిజ్య వేట ఆగి నాలుగు దశాబ్దాలైనా సెయింట్ పాల్ దీవిలో పుట్టే పిల్లల సంఖ్య తగ్గుతూనే ఉంది. దొరికే చేపలు, వేడెక్కుతున్న సముద్రం, చిక్కుకునే వలలు, ఇలా అనేక కారణాల మీద పరిశోధన సాగుతోంది. కనుక లెక్క ఆపే వీలు లేదు. పైగా ఉనాంగన్ ప్రజలు తిండి కోసం చేసుకునే వేట నేటికీ ఉంది. 2019 నాటి నియమం ప్రకారం సెయింట్ పాల్‌లో ఏడాదికి 2,000 వరకు పడుచు మగ సీల్స్‌ను తీసుకోవచ్చు. ఆ వేట నిర్వహణలో ఇప్పుడు దీవివాసుల సంఘం అమెరికా మత్స్య శాఖతో సమానంగా కూర్చుంటుంది. రెండేళ్ళకోసారి ఆగస్టులో పిల్లలను లెక్కించేందుకు కొన్నింటి తల మీద కాస్త బొచ్చు కత్తిరించి వదులుతారు. కొద్ది రోజుల తర్వాత గుంపులో కత్తిరించిన తలలెన్ని, మామూలువెన్ని అని చూసి మొత్తం సంఖ్య కడతారు.